తొలి గెల

కార్తీకం సగం దాటింది. ఆ ఉదయం తూర్పున సముద్రం మీద మబ్బు గోడ కట్టినట్టు నిలబడింది. పడమట మహేంద్రగిరి వైపు మాత్రం ఉతికి ఆరేసినట్టు తెల్లగా ఉంది. ఆ తెలుపులో, కొబ్బరి మట్టల సందున, చేతులు మారి మారి అరిగిపోయిన అణా బిళ్లలాగ చంద్రుడు ఇంకా దిగిపోకుండా ఉన్నాడు. గాలి లేదు. గాలి లేనప్పుడు ఉద్దానంలో మట్టల చప్పుడు ఉండదు. ఊరంతా ఏదో వినడానికి చెవి ఒగ్గినట్టుంటుంది.

కూర్మారావు వాకిట్లో నిలబడి మబ్బునే చూస్తున్నాడు. వానకి భయపడే మనిషి కాదు. వరి తడిస్తే ఆరుతుంది, కొబ్బరి తడిస్తే ఆరుతుంది. ఇవాళ కాశీబుగ్గ నుంచి బండి మీద వస్తున్నవి మాత్రం తడిస్తే ఇక అంతే. అవి పుస్తకాలు. అతను రాసి, ఈ ఏటి జీడిమామిడి కాపంతా పెట్టి అచ్చు వేయించుకున్న పుస్తకాలు. పేరు ‘ఎదరి రోజులు’.

అందులో ఎనిమిది కథలున్నాయి. ఒక్కటీ జరిగినది కాదు. ఇంకో పదేళ్లకో ముప్పై ఏళ్లకో ఈ ఉద్దానంలో, టెక్కలిలో, భావనపాడు రేవులో ఏం జరగొచ్చో అనుకుని రాసినవి. గెడ్డలో వరద పొంగగానే తనంతట తానే లేచి నిలబడే వంతెన. ఊరి సావిట్లో వేలాడే అద్దం. అందులో పట్నం డాక్టరు ముఖం కనబడి, నాలుక చాపమంటాడు. నూతినీళ్లు తాగే ముందు వాటిలో ఏం కలిసిందో రంగు మారి చెప్పే గాజు గొట్టం. తుపాను రాకముందే పడవలను వెనక్కి పిలవడానికి మనుషులు చేసి ఆకాశంలో వదిలిన చంద్రుడు. ఊరి బడిలో ఐదో తరగతి దాటని మనిషికి ఇవన్నీ ఎలా తోచాయని అడిగినవాళ్లున్నారు. అడిగిన మాటల్లో సగానికి కూర్మారావు ఎప్పుడూ జవాబు చెప్పడు.

ఎనిమిది కథల్లోనూ ఒక ఆడమనిషి ఉంది. కథ కథకీ వయసు పెరుగుతుంది గాని మనిషి ఒక్కతే. పేరు గౌరీశ్వరి. ఆ పేరు కూర్మారావు ఇంట్లో పలికి తొమ్మిదేళ్లయింది. ఇవాళ ఊరివాళ్ల ఎదుట దాన్ని పైకి చదవబోతున్నారు. వంటింట్లో ఉన్న తవిటమ్మకి వినబడుతుంది. విన్నాక ఆమె ఏం చేస్తుందో ఇన్నేళ్లు కాపురం చేసిన మొగుడికీ తెలియదు. అతని గుబులంతా అదే. దాన్ని తీసుకెళ్లి మబ్బు మీద పెట్టి చూస్తున్నాడు.

గౌరి వాళ్ల కూతురు. విశాఖపట్నం మీద జపానువాళ్ల బాంబు పడ్డ ఏడు పుట్టింది. పురుడు తీరిన రోజున పెరట్లో ఆమె పేర ఒక కొబ్బరి మొక్క నాటారు. ఆ ఇళ్లలో కొత్త చెట్టు తొలి గెల అమ్మరు. గుడిలో కూడా కొట్టరు. చేటలో పెట్టి, పసుపు రాసి, ఇంటి ఆడపిల్ల చెంగులో పోస్తారు. తొలి కాపు ఆడపిల్లది. ఆ తరవాతే చెట్టు ఇంటివాళ్లది.

గౌరికి ఆరేళ్లు నిండిన వానాకాలంలో జ్వరం వచ్చింది. బండి కట్టి టెక్కలి ఆసుపత్రికి బయలుదేరారు. దారిలో గెడ్డ రెండు ఒడ్లూ ఒరుసుకుని పారుతోంది. నీళ్లు తగ్గుతాయని పొద్దు వాలేదాకా ఒడ్డునే కూర్చున్నారు. నీళ్లు తగ్గాయి. అప్పటికి బండిని వెనక్కి తిప్పడం తప్ప వేరే పని మిగల్లేదు.

మరుసటేడు చెట్టు గెల వేసింది. తవిటమ్మ కోయనివ్వలేదు. ఆ తరవాత వేసిన గెలలూ కోయనివ్వలేదు. కాయలు వాటంతట అవే ఎండి, రాలి, కంచె వార పడి మొలకెత్తేవి. మొక్క కావాలని ఎవరైనా వస్తే పట్టుకెళ్లమనేది. కాయ మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, తనూ ఎప్పుడూ కొట్టలేదు. ఇప్పుడు ఊళ్లో చాలా పెరళ్లలో ఆ చెట్టు పిల్లలున్నాయి. వాటికింద ఆడే పిల్లలకి అవి ఎవరి పేరున మొలిచాయో తెలియదు. తెలిసిన పెద్దవాళ్లు ఆ పేరు ఎత్తరు.

ఎద్దుల మెడ గంటలు వినబడ్డాయి. చిన్నారావు బండి మలుపు తిరిగింది. చిన్నారావుకి బండీ ఉంది, చెట్లెక్కే పనీ ఉంది. ఉద్దానంలో ఏదో ఒకదాంతో పొట్ట గడవదు. బండి వెనక తాటాకు కప్పిన కట్టల మీద, వాటికి కాపలా అన్నట్టు కాళ్లు చాపుకుని నీలకంఠం కూర్చున్నాడు. కాశీబుగ్గలో అతనికి ఒక చిన్న ట్రెడిల్ ప్రెస్సుంది. పెళ్లిపత్రికలూ నాటకాల నోటీసులూ వేస్తాడు. కూర్మారావూ అతనూ ఒక ఇసకలోనే అక్షరాలు దిద్దుకున్నారు. కూర్మారావు మాట్లాడనివన్నీ ఇతను మాట్లాడతాడు.

“సూసుకో బావా, ఒక్క సుక్క తగల్నీనేదు,” అంటూ దిగాడు నీలకంఠం. “తాటాకు కప్పినాను. దాని మీద నా దుప్పటి కప్పినాను. నానేమో తడుసుకుంటా వచ్చినాను.”

“వాన పడనేదు గదా,” అన్నాడు కూర్మారావు.

“పడితే తడుద్దును గదా.”

కట్టలు దించారు. కట్టకి కట్టిన తాడు తవిటమ్మ పేనిన పీచుతాడే. తాడు కావాలంటే కిందటి వారం అదే బండిలో ఆమే చుట్ట చుట్టి పంపింది, ఎందుకని అడగలేదు. కూర్మారావు ముడి విప్పాడు. పైన ఉన్న పుస్తకం తీశాడు. లేత నీలం అట్ట. దాని మీద తన పేరు, ఇంటిపేరుతో సహా. చేతిలో పట్టుకుంటే లేగదూడ చెవంత మెత్తగా ఉంది. ఏం చేయాలో తెలియక వాసన చూశాడు. చూసి, ఎర్రమ్మ చేతికిచ్చాడు.

ఎర్రమ్మ అతని పినతల్లి. పక్క ఇల్లే. ఊళ్లో ఏ శుభం జరిగినా చేట పట్టుకుని ముందు వచ్చేది ఆవిడే. పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుని మొహం అటు తిప్పేసింది.

“ఏటిది కూర్మా? ముప్పై ఏళ్ల తరవాత మాటలన్నావు. మొన్నటి ఎండుసేపల కంపు కొడతంది.”

చిన్నారావు ఎద్దుల మోర సరిచేస్తూ అటే తిరిగి చెప్పాడు. “నిన్న భావనపాడు సరుకేసినాన్లే మామ్మా. బండి కడిగినాను.”

“ఎక్కడ కడిగినావురా, కల్లోనేటి?”

“వాసన ఎంతసేపత్తా, రెండెండలు తగిల్తే పోద్ది,” అన్నాడు నీలకంఠం. “కతలు నిలబడతాయి.”

“అప్పుడుదాకా పిల్లిని కట్టీండి,” అంది ఎర్రమ్మ.

వాకిట్లో చాపలు పరిచారు. ఒకరొకరే వచ్చి కూర్చుంటున్నారు. నీలకంఠం కూర్మారావుని పక్కకి లాగాడు.

“ఒక మాట బావా. ఆ రష్యావోళ్లు నీ కత ఒకటి పాడుసేసినారు. నువ్వు పదేళ్లకి వదుల్తారన్న సందమామని ఆళ్లు మొన్న దసరాల్లోనే వదిలీసినారు. రెండోదాన్లో కుక్కని కూడా ఎక్కించీసినారంట, పేపర్లో పడ్డాది. నాను అచ్చుసేసి ఆరబెట్టేలోగా నీ కత పాత కబురైపోనాది. మిగతా ఏడూ అలాగైపోకముందే ఈటిని వదిలీయాల మనం.”

“అయిపోనీ,” అన్నాడు కూర్మారావు. “వంతెన కత ముందైపోనీ.”

నీలకంఠం నోటిదాకా వచ్చిన ఇంకో వేళాకోళం మింగేసుకున్నాడు. ఆ రోజు గెడ్డ ఒడ్డున బండి పక్కన అతనూ ఉన్నాడు.

వంటింట్లోంచి రోకటి పోటు వినబడుతోంది. తవిటమ్మ పొద్దున్నుంచీ వచ్చేవాళ్లకి పెట్టడానికి అటుకులు దంచుతోంది. ఆమె బయటికి రాలేదు. రమ్మని అతను పిలవలేదు. రోకటి పోటు ఒక తీరున పడుతున్నంతసేపూ ఫరవాలేదనుకుంటూ నిలబడ్డాడు.

పుస్తకం బయటికి వదలడమంటే పట్నాల్లో ఏం చేస్తారో నీలకంఠం చాపల మీదవాళ్లకి చెప్పాడు. ఒక పెద్దమనిషి వస్తాడు. కుర్చీలో కూర్చుంటాడు. ఆయన చేత్తో తొలి ప్రతి తీసి ఇంకో పెద్దమనిషికి ఇస్తాడు. అందరూ చప్పట్లు కొడతారు. టెక్కలి నుంచి అలాంటి ఒకాయన్ని తెస్తానంటే కూర్మారావు వద్దన్నాడు కాబట్టి, ఇవాళ ఈ నీలకంఠమే ఒక కథ చదివి, ఎవరో ఒకరి చేతిలో పెట్టేస్తాడట.

“ఎవలో ఒకలేటి?” అంది ఎర్రమ్మ. “తొలి కాపు గదా.”

ఆవిడ అప్పటికే ఇంటికెళ్లి చేట పట్టుకొచ్చింది. చేట నిండా బియ్యం, ఒక మూల పసుపు ముద్ద. నీలం అట్ట పుస్తకాన్ని బియ్యం మీద పెట్టింది. బొటనవేలు పసుపులో ముంచి, చెట్టు తొలి గెలకి పెట్టినట్టే, అట్ట మీద నాలుగు మూలలా బొట్లు పెట్టింది.

“అత్తా, అత్తా, కాయితం అది! అంటుకుపోద్ది,” నీలకంఠం చేట లాక్కోబోయాడు.

“అంటుకుంటే ఏటి? ఒట్టిసేట పట్టుకెల్లి ఎలగిత్తార్రా ఇంటి ఆడపిల్ల—”

అక్కడ ఆగిపోయింది. చేట రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడింది. వాకిట్లో అందరికీ తెలిసిన వాడుక అది. ఎవరి చెంగు పట్టాలో అందరికీ తెలుసు. ఎర్రమ్మ మెల్లగా వంగి చేటని చాప మీద పెట్టింది, పెట్టి కొంగుతో మూతి ఒత్తుకుంది. చేట అక్కడే ఉంది. దానివైపు ఎవరి చెయ్యీ రావడం లేదు.

కూర్మారావు ఆ చేట తీసి లోపల పెట్టేద్దామనుకున్నాడు. పుస్తకాలన్నీ మళ్లీ కట్టగట్టి బండెక్కించేద్దామనుకున్నాడు.

ఆ చేటని చూస్తూ కూర్చోలేనివాడు ఒక్క నీలకంఠమే. ఇంకో ప్రతి తీసి గబగబా పుటలు తిప్పి, నాటకంలో సూత్రధారిలాగ గొంతెత్తి చదవడం మొదలెట్టాడు. తీరా అతని వేళ్లకి తగిలింది వంతెన కథ.

“‘పంతొమ్మిది వందల డెబ్బై రెండో సంవత్సరం. ఆశ్వయుజ మాసం. గెడ్డ రెండు ఒడ్లూ ఒరుసుకుని పారుతోంది. డాక్టరు గౌరీశ్వరి మోటారు ఆపి ఒడ్డున దిగింది. అవతల ఊళ్లో ఒక పసిపిల్లకి జ్వరం…’”

వంటింట్లో రోకలి ఆగింది.

కూర్మారావుకి ఆ ఆగడం తప్ప ఇంకేదీ వినబడలేదు. నీలకంఠం చదువుతూనే ఉన్నాడు. ఆపితే ఇంకా కష్టమని అతనికీ తెలుసు. చెమట చేత్తో పుట తిప్పాడు. సిరా సరిగ్గా ఆరని రెండు పుటలు ఒకదానికొకటి అంటుకుని కలిసే తిరిగాయి. అతను చూసుకోలేదు.

“‘అవతలి ఒడ్డున పిల్ల కళ్లు తెరిచింది. డాక్టరమ్మ దాని నుదుటి మీద చెయ్యి వేసి…’”

“గెడ్డ దాటనేదు గదా ఇంకా.”

గొంతు వంటింటి గుమ్మం లోపలి నుంచి వచ్చింది. అందరూ అటు తిరిగారు. నీలకంఠం నోరు తెరుచుకునే ఉంది.

“దాటకండా అవతలొడ్డుకి ఎలగెల్లిపోనాది?” అంది తవిటమ్మ. ఆమె కనబడటం లేదు, గొంతే వినబడుతోంది. “వంతెన పైకి నెగిసింది సదవనేదు నువ్వు అన్నా. నీళ్ల వాలు తెలిసిన ఇనుము ఒళ్లు ఇరుసుకుని నెగిసింది. ఒక్కో పలకా ఎదరి పలక బుజం పట్టుకున్నాది. గౌరి సెప్పులు సేత్తో పట్టుకుని దాని మీద నడిసినాది. వెనక్కి సూడనేదు. అది సదివి, అప్పుడు సదువు మిగతాది.”

నీలకంఠం పుట వెనక్కి తిప్పాడు. వేలి కొసతో రెండు కాగితాలూ విడదీశాడు. చూశాడు. ఆ మాటలే ఉన్నాయి.

తవిటమ్మకి అక్షరం రాదు. కూర్మారావు తను రాస్తున్నదేమిటో ఆమెకి ఒక్కనాడూ చెప్పలేదు. అతను రాసింది కొబ్బరి ఎండబెట్టే పాకలో, మధ్యాహ్నాలు, కాకులకి కాపలా కూర్చుని. తాటాకు తడిక అవతల తవిటమ్మ పీచు పేనుతూ కూర్చునేది.

అప్పుడు తెలిసింది అతనికి. వాళ్ల బడిలో అక్షరం ఇసకలో దిద్దేటప్పుడు నోటితో పలకకపోతే పంతులు వేలి మీద కొట్టేవాడు. పలికితేనే వేలు కదలాలి. ఆ అలవాటు ఇన్నేళ్లయినా పోలేదు. కూర్మారావు పలకకుండా ఒక్క మాట కూడా రాయలేడు. తను పలుకుతున్నట్టు తనకే తెలియదు. తడిక అవతల అరచేతుల మధ్య పీచు సరసరమని తిరిగే చప్పుడు గుర్తొచ్చింది. తను మాట తోచక కలం ఆపినప్పుడు ఆ చప్పుడూ ఆగేది. మళ్లీ రాయడం మొదలెడితే మళ్లీ మొదలయ్యేది. పీచు తడి ఆరిందేమో, నీళ్లు చల్లుకుంటోందేమో అనుకునేవాడు.

తొమ్మిదేళ్లుగా పలకని పేరు అని అతను అనుకుంటూ వచ్చాడు. ఆ మధ్యాహ్నాలన్నీ దాన్నే పలికాడు. ఆమె విని, తాడు పేనింది.

తవిటమ్మ గుమ్మం దాటి వచ్చింది. చేతులకి అటుకుల పొట్టు ఉంది. చేట ముందు నిలబడి చేతులు దులుపుకుంది. చెంగు చివర రెండు చేతులా పట్టి చాపింది.

“ఇటు పొయ్యి మావా,” అంది. “దాని తొలి కాపు. నాను పడతాను.”

కూర్మారావు చేట ఎత్తాడు. బియ్యం, దానితో పాటు పుస్తకం ఆమె చెంగులోకి జారాయి. ఎర్రమ్మ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ కొట్టలేదు. నీలకంఠం మాత్రం కళ్లద్దాలు తీసి అంగీకి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

తవిటమ్మ చెంగు ముడివేసి నడుముకి దోపుకుంది. పెరటి వైపు చూసింది. “సిన్నారావూ, ఆ సెట్టెక్కు. ముదిరిన గెల సూసి దించు.”

చిన్నారావు ఏ చెట్టని అడగలేదు. కాళ్లకి చెట్టెక్కే తాడు బందం తగిలించుకుని పెరట్లోకి నడిచాడు. గెల నేలకి పడనివ్వకుండా తాడు కట్టి దించాడు. పసిపిల్లని దించినట్టు దించాడని ఎర్రమ్మ తరవాత ఊళ్లో చెప్పింది.

వాకిట్లోవాళ్లు అటుకులూ బెల్లమూ తిని ఇంటికొక పుస్తకం పట్టుకెళ్లారు. చదివేవాళ్లున్న ఇళ్లూ పట్టుకెళ్లాయి, లేని ఇళ్లూ పట్టుకెళ్లాయి. చూస్తూ చూస్తూ కట్టలు తరిగిపోతుంటే నీలకంఠం ఉండబట్టలేకపోయాడు.

“బావా, అమ్ముదామనుకున్నాం గదా.”

“తొలి కాపు అమ్మరు.”

“ఒక్క గెల గదేటి తొలి కాపంటే? మొత్తం తోటంతానా?”

“నాకున్నది ఒక్క సెట్టే గదా,” అన్నాడు కూర్మారావు.

ఊరివాళ్లు వెళ్లాక కూర్మారావు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. తవిటమ్మ కత్తిపీట ముందు కూర్చుని కొబ్బరి కోరుతోంది. తెల్లటి కోరు పళ్లెంలో కుప్పపడుతోంది. ఆమె చెంగు ముడి అలాగే ఉంది. పుస్తకం అంచు పొడుచుకొచ్చి కనబడుతోంది.

“మావా,” అంది తల ఎత్తకుండా. “ఒకటడుగుతాను.”

“ఊఁ.”

“నీ కతల్లో మన గుంట గౌరి అన్ని సోట్లకీ ఎల్తాది. డాట్రయినాది. సందమామ వంక సూసి పడవలికి దారి సెప్పినాది. నూతుల్లో నీళ్లన్నీ సూసి మంచీ సెడ్డా సెప్పినాది. తల కూడా నెరిసినాది ఆకరి కతలో. ఒక్క పూటైనా ఇంటికొచ్చి అన్నం తిన్నాదేటి?”

కూర్మారావు గుమ్మం పట్టుకున్నాడు. ఎనిమిది కథలూ మనసులో తిరగేశాడు. ఆమె చెప్పింది నిజం. గౌరి ప్రతి కథలోనూ ఊరి పొలిమేరదాకా వచ్చింది. అక్కణ్ణుంచి ఎవరో పిలిస్తే వెళ్లిపోయింది.

“రాయనేదు,” అన్నాడు.

“ఏం?”

కత్తిపీట మీద చిప్ప తిరుగుతోంది, ఆగింది.

“ఇంటికి తెత్తే మళ్లీ పంపాల గదే.”

తవిటమ్మ చిప్ప పక్కన పెట్టింది. కోరిన కొబ్బరిని చేత్తో దగ్గరికి చేర్చింది. ఒక్క మెతుకంత కోరు కింద పడితే అదీ ఏరి పళ్లెంలో వేసింది.

“కాళ్లు కడుక్కో మావా,” అంది.

మధ్యాహ్నానికి మబ్బు ఇంకా సముద్రం మీదే ఉంది, కురవలేదు, పోలేదు. వసారాలో విస్తళ్లు వేశారు. కూర్మారావు, నీలకంఠం, ఎర్రమ్మ, చేతులు ఇంకా గీరుకుపోయి ఎర్రగా ఉన్న చిన్నారావు. వేడి అన్నం, గుమ్మడికాయ పులుసు, మధ్యలో గిన్నె నిండా కొబ్బరిపచ్చడి. ఎప్పుడూ అందరూ లేచాక తినే తవిటమ్మ, ఇవాళ తనకీ ఒక విస్తరి వేసుకుని మొగుడి పక్కన ఆ వరసలోనే కూర్చుంది. చెంగు ముడి విప్పలేదు. కూర్చున్నప్పుడు అది ఆమె ఒళ్లోకి వచ్చింది.

ముందు ఆమే పచ్చడి వేసుకుంది. అన్నంలో కలిపి ముద్ద చేసింది. ఆ ముద్ద నోట్లో పెట్టుకునేదాకా మిగతావాళ్లు చేతులు విస్తట్లో పెట్టలేదు.

కాయ తియ్యగా ఉందని ఎవరూ అనలేదు. గిన్నె ఒకరి ముందు నుంచి ఒకరి ముందుకి జరుపుకుంటూ, అడుగు కనబడేదాకా తిన్నారు.